ముగియని ప్రార్థన: ఒక బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కేస్ స్టడీ

క్రీడాకారుల మానసిక శిక్షణలో పనిచేసేవాళ్ల దగ్గరికి వచ్చే కేసుల్లో దేవుడి ప్రస్తావన రానిది అరుదు. మన దగ్గర ఆడేవాళ్లకు తిరుమల నడకదారి, బోనాలు, శుక్రవారం నమాజు, ఆదివారం చర్చి అన్నీ ప్రాక్టీసుతో పాటే నడుస్తాయి. అయినా మేం రాసుకునే కేస్ షీట్లో మతానికి ఒక గడి ఉంటుంది తప్ప విశ్వాసానికి ఉండదు. ఫలానా మతం అని రాసుకుని ముందుకు వెళ్లిపోతాం. ఏమని ప్రార్థిస్తారు, ఏ క్షణంలో ప్రార్థిస్తారు, ప్రార్థన అయ్యాక మనసు ఎక్కడుంటుంది అని అడగం. ఈ కేసులో ఆ మూడు ప్రశ్నలే దారి చూపించాయి. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

క్రీడాకారిణి, ఆమె తల్లిదండ్రులు, కోచ్ రాయడానికి ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పేరు, ఊరు, అకాడమీ ఎక్కడా రావు.

ఎందుకు వచ్చింది

మహిళల సింగిల్స్ ఆడుతుంది. టీనేజీ చివర్లో ఉన్న అమ్మాయి. కోస్తాలో ఒక పల్లెటూరు. జిల్లా పోటీల్లో గెలుస్తోందని చిన్నప్పుడే హైదరాబాద్‌లో ఒక అకాడమీ హాస్టల్లో చేర్చారు. శిక్షణ ఖర్చుకు తండ్రి కొంత పొలం అమ్మాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. కానీ ఆ పొలం ఎన్ని సెంట్లో, ఎవరు కొన్నారో, ఇప్పుడు అందులో ఏ పంట వేశారో ఆ అమ్మాయికి తెలుసు. జూనియర్‌గా బాగా ఆడింది. సీనియర్ టోర్నీలకు వచ్చాక ఏడాదిగా మొదటి రెండు రౌండ్లు దాటడమే గగనమైంది.

పంపింది కోచ్. "ఆడటం కంటే దండం పెట్టుకోవడానికే ఎక్కువసేపు పడుతోంది మేడమ్. అంపైర్లు హెచ్చరిస్తున్నారు, ఎల్లో కార్డు కూడా చూపించారు. నేను చెప్తే ఏడుస్తుంది. మీరు ఆ అలవాటు మాన్పించండి చాలు" అన్నారు.

ఆయన ఆందోళనలో న్యాయం ఉంది. బ్యాడ్మింటన్‌లో ఆట ఆగకుండా సాగాలి. గేమ్‌లో ఒకరు 11 పాయింట్లకు చేరినప్పుడు 60 సెకన్లు, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య 120 సెకన్లు విరామం. మధ్యలో చెమట తుడుచుకోవాలన్నా, నీళ్లు తాగాలన్నా అంపైర్‌ను అడగాలి. సర్వ్ చేసేవాళ్లు గానీ అందుకునేవాళ్లు గానీ ఆలస్యం చేస్తున్నారనిపిస్తే ముందు నోటిమాటతో సరిపెడతారు, తర్వాత ఎల్లో కార్డు, అప్పటికీ వినకపోతే రెడ్ కార్డు. రెడ్ కార్డు పడితే పాయింట్ అవతలివాళ్లకు పోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2014లో హుసేన్ అబ్దుల్లా స్కోరు చేసి మైదానంలో సజ్దా (నుదురు నేలకు ఆనించి చేసే ముస్లిం ప్రార్థన) చేస్తే పెనాల్టీ వేశారు, ఆ మర్నాడే వేయకుండా ఉండాల్సిందని లీగ్ ఒప్పుకుంది. అది స్కోరు అయ్యాక చేసిన ప్రార్థన. మా అమ్మాయిది సర్వ్‌కు ముందు, అవతల ప్రత్యర్థి రాకెట్ ఎత్తి ఎదురుచూస్తుండగా జరిగేది. అంపైర్ చూసీ చూడనట్టు వదిలేయడానికి వీల్లేదు.

అయినా మాన్పించడానికి నేను ఒప్పుకోలేదు. ముందు అదేమిటో చూద్దామన్నాను.

వీడియోలో కనిపించింది

అకాడమీ దగ్గర ఆమె మ్యాచ్‌ల రికార్డింగులు ఉన్నాయి. షటిల్ నేలకు తగలడం దగ్గర్నుంచి తర్వాతి సర్వ్ దాకా మాత్రమే కత్తిరించి, ఆ ముక్కలన్నీ వరసగా చూశాను. ర్యాలీలు పక్కన పెట్టేశాను.

తంతు ఇలా ఉంటుంది. రాకెట్‌ను ఎడమ చేతిలోకి మార్చుకుంటుంది. కుడిచేత్తో మెడలోని గొలుసుకున్న స్వామి లాకెట్ పట్టుకుంటుంది. కళ్లు మూసుకుంటుంది. పెదవులు మూడుసార్లు కదులుతాయి. లాకెట్‌ను కళ్లకద్దుకుని వదిలి, రాకెట్ మళ్లీ కుడిచేతికి తీసుకుని, అప్పుడు షటిల్ పట్టుకుంటుంది. మొదటి గేమ్ ఆరంభంలో ఇదంతా చూసేవాళ్లకు తెలియనంత వేగంగా జరిగిపోతుంది. స్కోరు బిగిసేకొద్దీ సాగుతుంది. మూడో గేమ్ చివర్లో పెదవులు మూడుసార్లతో ఆగవు. ఒకచోట కళ్లు తెరవబోయి మళ్లీ గట్టిగా మూసుకుంది, మళ్లీ మొదటినుంచి పెదవులు కదిలాయి. అంపైర్ "ప్లే" అన్నాక కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న ప్రత్యర్థిని చూడకుండానే షార్ట్ సర్వ్ వేసింది. నెట్‌కు తగిలింది.

ఇలాంటి సర్వ్‌లు విడిగా రాసుకున్నాను. ప్రార్థన ఎక్కువసేపు పట్టిన ప్రతిచోటా తర్వాతి మొదటి షాట్ ఆలస్యంగానో గుడ్డిగానో పడింది. ప్రార్థన చిన్నగా ముగిసినచోట ఆమె మామూలుగానే ఆడింది, కొన్నిసార్లు చాలా బాగా ఆడింది. కోచ్‌కు ఇది చూపించాను. ప్రార్థన చేసిన ప్రతిసారీ ఆట చెడలేదని ఆయన మొదటిసారి గమనించారు.

తర్వాత ఆమెను కూర్చోబెట్టి, ఆ కళ్లు మళ్లీ మూసుకున్న ముక్క ఒక్కటే వేసి చూపించి అడిగాను. ఇక్కడ ఏం జరిగింది?

"మూడుసార్లు గోవిందా అనాలి మేడమ్. మధ్యలో వేరే ఆలోచన వస్తే అది లెక్కలోకి రాదు. మళ్లీ మొదట్నుంచి అనాలి."

"ఏ ఆలోచన?"

"ఓడిపోతానేమోనని."

కేసు మొత్తం ఈ రెండు జవాబుల్లోనే ఉంది. ఓటమి భయాన్ని తోసెయ్యడానికి నామం. ఆ భయం మధ్యలో తలెత్తితే నామం చెల్లదు. చెల్లకపోతే ఓడిపోతానన్న భయం ఇంకా పెరుగుతుంది. స్కోరు 18 - 18 ఉన్నప్పుడు ఓడిపోతానేమో అన్న ఆలోచన రాకుండా మూడు క్షణాలు గడపగలిగే మనిషి ఎవరూ ఉండరు. ఆ అమ్మాయి తనకు తాను పెట్టుకున్న షరతు ఎవరూ తీర్చలేనిది.

కిట్ బ్యాగ్ పక్క అర

రెండు మూడు సార్లు కలిశాక ఒకరోజు తనే కిట్ బ్యాగ్ తెచ్చి పక్క అర జిప్ తీసింది. కొత్త గ్రిప్ చుట్టలు పెట్టుకునే అర అది. అందులో పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు, ఒకదాని మీద ఒకటి. కొన్ని కొత్తవి, కొన్ని ముడి వదులై నాణెం అంచు కనిపిస్తున్నవి. పసుపు అంటి తెల్ల గ్రిప్‌లన్నీ మరకలయ్యాయి.

ప్రతి టోర్నీకి ముందు హాస్టల్ గదిలో ఒక ముడుపు కడుతుంది. గెలిస్తే కొండకు నడిచి వస్తాననో, నిలువు దోపిడీ ఇస్తాననో మొక్కు. ఆచారం ప్రకారం కోరిక తీరితేనే మొక్కు చెల్లించాలి. ఓడిన టోర్నీల ముడుపులకు బాకీ ఏమీ లేదు. ఆ మాటే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

అసలు కథ వేరే ఉంది. జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద టోర్నీకి ముందు, గెలిస్తే అలిపిరి నుంచి నడిచొచ్చి ఒంటిమీదున్న బంగారమంతా హుండీలో వేస్తానని మొక్కుకుంది. గెలిచింది. గెలిచిన వారంలోనే క్యాంపుకు పిలుపొచ్చింది. ఆ తర్వాత ఇంకో టోర్నీ, ఇంకో క్యాంపు. కొండకు వెళ్లలేదు. సీనియర్లలోకి వచ్చాక ఓటములు మొదలయ్యాయి. ఆమె మనసులో రెండూ ముడిపడిపోయాయి. "వడ్డీకాసులవాడు కదా మేడమ్, వడ్డీతో సహా వసూలు చేస్తున్నాడు" అంది. కన్నీళ్లు లేవు, కోపం లేదు. అప్పు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల ఆ లెక్క ఎంత మామూలుగా చెప్తుందో అలా చెప్పింది.

తర్వాత ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసిన నితీశ్ కుమార్ రెడ్డి, 2025 జనవరిలో తిరుమల మెట్లు మోకాళ్లపై ఎక్కుతున్న వీడియో అది. తెలుగునాట చాలామంది సంతోషంగా చూసిన దృశ్యం. ఈమె దాన్ని రాత్రిళ్లు చూసి నిద్రపోలేకపోయేది. "ఆయన వెళ్లాడు, నేను వెళ్లలేదు."

నేను ఎలా అర్థం చేసుకున్నాను

ముందు చెయ్యాల్సిన పని ముందు చేశాను. ఒక సైకియాట్రిస్టుకు చూపించాను. లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టడం, ఆలోచన కలిస్తే చెల్లదనుకోవడం ఓసీడీలో, అంటే ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పట్టుకునే మానసిక సమస్యలో కనిపించే లక్షణాలు. దాన్ని తేల్చకుండా క్రీడా శిక్షణ పేరుతో ముందుకు వెళ్లడం సరికాదు. ఇంట్లో, హాస్టల్లో, చదువులో ఎక్కడా అలాంటి పట్టింపులు లేవని, కోర్టు మీద ఒత్తిడికే పరిమితమైన తంతు అని, మందులు అక్కర్లేదని, గమనిస్తూ ఉండమని ఆ డాక్టర్ చెప్పారు. ఇలాంటి కేసు చేసే ప్రతి ఒక్కరూ ఈ అడుగు వెయ్యాలని గట్టిగా చెప్తున్నాను.

క్రీడల్లో తంతుల గురించి మాట్లాడేటప్పుడు మా రంగంలో అందరూ 1948 నాటి మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాల ప్రయోగాన్ని తెస్తారు. పావురం ఏం చేసినా చెయ్యకపోయినా నియమిత సమయానికి గింజ పడేలా ఏర్పాటు చేస్తే, గింజ పడిన క్షణంలో యాదృచ్ఛికంగా చేస్తున్న పనినే అది మళ్లీ మళ్లీ చేసింది. లాకెట్ పట్టుకోవడం, చేతులు మార్చుకోవడం వరకు ఈ వివరణ సరిపోతుంది. స్వామికి బాకీ పడ్డానన్న బాధకు సరిపోదు. అక్కడ ఒక సంబంధం ఉంది. ఆమె ఎవరితోనో మాట ఇచ్చింది, మాట తప్పానని అనుకుంటోంది. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే ఆమెలోని నిజాయితీనే కొట్టిపారేసినట్టు.

నాకు పనికొచ్చింది మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ పని. మనుషులు కష్టంలో మతాన్ని ఎలా ఆసరా చేసుకుంటారో ఆయన దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఆసరాగా పనిచేసే విశ్వాసాన్నీ, కుంగదీసే విశ్వాసాన్నీ విడదీసి చూడాలన్నది ఆయన వాదన. దేవుడు నాకు తోడున్నాడు, ఇద్దరం కలిసి ఈ పని చేస్తున్నాం అనుకోవడం ఒక తీరు. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనుకోవడం ఇంకో తీరు. ఆయన బృందం తయారుచేసిన 14 ప్రశ్నల చిన్న పట్టికలో ఏడు మొదటిదానికి, ఏడు రెండోదానికి. అది అమెరికాలో తయారైంది కాబట్టి మార్కులు వెయ్యలేదు. ప్రశ్నలను తెలుగులో కబుర్లలా అడిగాను. ఆశ్చర్యం ఏమిటంటే ఆ అమ్మాయికి రెండూ నిండుగా ఉన్నాయి. ఇంట్లో, గుడిలో, ప్రయాణంలో స్వామి ఆమెకు తోడు. కోర్టులో అడుగుపెట్టగానే వసూలుదారు.

ఇక్కడ జొనాథన్ ఎడ్వర్డ్స్ సంగతి చెప్పాలి. ఆటగాళ్ల విశ్వాసం గురించి ఆలోచించేవాళ్లెవరూ ఆయన్ను దాటి పోలేరు. బ్రిటన్‌కు చెందిన ట్రిపుల్ జంపర్. ఆదివారం పోటీ పడనని 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌నే వదులుకున్న క్రైస్తవుడు. 1993లో ఆ నియమం సడలించుకున్నాడు. 1995 ఆగస్టులో గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకాడు, ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ చెరపలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు, ఏసు అయిదు వేల మందికి ఆకలి తీర్చిన చేపలకు గుర్తుగా కిట్ బ్యాగ్‌లో సార్డీన్ చేపల డబ్బా పెట్టుకుని వెళ్లాడు. ఫైనల్లో ఆయన చేసిన ప్రార్థన, నా విధి నీ చేతుల్లో పెడుతున్నాను, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్న అర్థంలో ఉంది. స్వర్ణం గెలిచాడు. 2007లో తనకు ఇక దేవుడి మీద నమ్మకం లేదని బహిరంగంగా చెప్పాడు. ఆడే రోజుల్లో స్పోర్ట్స్ సైకాలజీని తను పట్టించుకోలేదనీ, వెనక్కి తిరిగి చూస్తే తన విశ్వాసమే పేరు మారిన స్పోర్ట్స్ సైకాలజీ అనీ అన్నాడు.

ఆయన విశ్వాసం నిలిచిందా పోయిందా అన్నది ఆయన సొంత విషయం. నేను పట్టుకున్నది ఆ ప్రార్థన ఆకారాన్ని. అందులో స్వర్ణం అడగడం లేదు, బదులుగా ఏదో ఇస్తానన్న మాట లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది ముగుస్తుంది. నీ చేతుల్లో పెట్టాను అన్నాక ఇంక అనాల్సింది ఏమీ మిగలదు, పరుగెత్తి దూకడమే మిగులుతుంది.

2025 అక్టోబర్ 30న నవీ ముంబైలో ఆస్ట్రేలియా మీద మహిళల క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్‌గా నిలిచి 339 పరుగుల లక్ష్యాన్ని దాటించింది. ఆ టోర్నీలో ఆందోళనతో దాదాపు రోజూ ఏడ్చానని చెప్పింది. చివర్లో శక్తి అయిపోయినప్పుడు, నువ్వు నిలబడు, నీ తరఫున దేవుడు పోరాడతాడన్న బైబిల్ మాటను తలుచుకుంటూ ఆడానని చెప్పింది. ఇక్కడా అంతే. ఆందోళన ఉంది, పోలేదు. ఆందోళన ఉన్నంతమాత్రాన ఆమె ప్రార్థన చెల్లకుండా పోలేదు.

మా అమ్మాయి ప్రార్థనకు ముగింపు లేదు. బేరానికి ముగింపు ఉండదు, ఫలితం వచ్చేదాకా సాగుతుంది. ఫలితం వచ్చాక ఇంకో బేరం. నా లక్ష్యం అప్పుడు తేటపడింది. ప్రార్థన తీసెయ్యక్కర్లేదు. అది ముగిసేలా చెయ్యాలి.

నాయనమ్మ

ఫలితాన్ని దేవుడికి వదిలెయ్యమని ఆ అమ్మాయికి చెప్పనివాళ్లు లేరు. గీత శ్లోకం హాస్టల్ గోడ మీదే ఉంది. కర్మణ్యేవాధికారస్తే అని తనే నాకు పూర్తిగా చదివి వినిపించింది. తెలియక కాదు. బాకీ ఉన్నవాళ్లకు ఆ మాట పని చెయ్యదు. ముందు బాకీ సంగతి తేలాలి. దాన్ని తేల్చే అధికారం నాకు లేదు, కోచ్‌కు లేదు. ఆమె విశ్వాసంలో ఆమెకంటే పెద్దవాళ్లకే ఉంది. ఎవరి మాట నమ్ముతావంటే "నాయనమ్మ" అంది. చిన్నప్పుడు ముడుపు కట్టడం నేర్పింది ఆవిడే.

నాయనమ్మ హైదరాబాద్ వచ్చింది. నా గదిలో కుర్చీలో కూర్చోకుండా ముందు మనవరాలి చేతులు తిప్పి చూసింది, అరచేతుల్లో కాయలు తడిమింది. ఆ అమ్మాయి కిట్ బ్యాగ్ పక్క అర తెరిచి చూపించింది. ఆవిడ ఒక్కో ముడుపూ తీసి ఒళ్లో పెట్టుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇన్ని ఎందుకే తల్లీ కట్టావు?"

"ఓడిపోతున్నా కదా నాయనమ్మా."

"ముడుపు కట్టేది ఇంట్లో పెద్దోళ్లమే. పిల్ల జ్వరంతో పడుకుంటే తల్లి మొక్కుతుంది గానీ పిల్ల మొక్కుతుందా? ఆడే పిల్లవి, నీ పని నువ్వు చూసుకో. ఇయ్యన్నీ నాకిచ్చెయ్. ఆయనతో లెక్క నేను చూసుకుంటా."

నాతో "ఏమ్మా, అంతేనా కాదా?" అంది. "అంతే మామ్మగారూ" అన్నాను. అంతకంటే మంచి సలహా నేను ఇవ్వగలిగి ఉండేదాన్ని కాదు. మన కుటుంబాల్లో మొక్కు ఎప్పుడూ ఒక మనిషి ఒంటరిగా మోసే బరువు కాదు. పిల్లల కోసం పెద్దలు మొక్కుతారు, ఇంటిల్లిపాదీ కలిసి తీరుస్తారు. హాస్టల్లో ఒంటరిగా పెరిగిన ఈ పిల్ల మొక్కునూ ఒంటరిగానే మోసింది. ఆ బరువును మళ్లీ ఇంటికి చేర్చడం చికిత్సలో అతి పెద్ద అడుగు. అది నాయనమ్మ వేసింది.

పాత మొక్కు మాత్రం మిగిలింది, గెలిచి తీర్చనిది. దాన్ని తీర్చుకోనివ్వాలా అన్నదాని మీద నాకూ కోచ్‌కూ మధ్య చాలా చర్చ జరిగింది. కొండకు వెళ్లొచ్చాక గెలిస్తే బేరం మీద నమ్మకం ఇంకా గట్టిపడదా అన్నది ఆయన ప్రశ్న. సరైన ప్రశ్నే. నా జవాబు ఇది: ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వేరు, కొత్త బేరం పెట్టడం వేరు. మొదటిది ఆమె మనసుకు అవసరం. రెండోది ఇక నాయనమ్మ చేతుల్లో ఉంది. టోర్నీలు లేని వారం చూసి కోచ్ సెలవు ఇచ్చారు. తండ్రి, నాయనమ్మ తోడుగా అలిపిరి నుంచి నడిచి వెళ్లింది. నాయనమ్మ గాలిగోపురం దాకా నడిచి అక్కడ ఆగిపోయింది.

నిలువు దోపిడీ అంటే ఒంటి మీదున్నదంతా ఇవ్వాలి. చెవి దిద్దులు, గొలుసు, దానికున్న లాకెట్, అన్నీ హుండీలో వేసి వచ్చింది.

కోర్టు మీద

అలా లాకెట్ పోయింది. మొదటి ప్రాక్టీసులో సర్వ్‌కు ముందు చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది, అక్కడ ఏమీ లేదు. చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంకో లాకెట్ కొనుక్కుంటావా అని అడిగాను. సీజన్ అయ్యేదాకా వద్దులే మేడమ్ అంది. ఆ నిర్ణయం తనదే కావడం చాలా మేలు చేసింది.

ప్రార్థనకు కొత్త చోటు వెతికాం. కోర్టు పక్కన కిట్ బ్యాగ్ దించిన చోట, ఎంతసేపు కావాలంటే అంతసేపు. అక్కడ మనసారా అడగొచ్చు, ఏడవొచ్చు, భయపడొచ్చు. లోపలికి వెళ్తూ కోర్టు అంచు గీతకు చెయ్యి తగిలించి కళ్లకద్దుకుంటుంది. అక్కడితో ప్రార్థన అయిపోయింది. ఆ తర్వాత ప్రతి సర్వ్‌కు ముందు గట్టిగా ఒక ఊపిరి వదలడం, వదిలేటప్పుడు ఒకే ఒక్కసారి గోవిందా అనడం, చూపు షటిల్ కార్క్ మీద పెట్టడం. నామం ఉంచడం గురించి తోటి నిపుణులు కొందరు నన్ను ప్రశ్నించారు. ఊపిరితో పాటు ఏదో ఒక మాట అనుకోమని మేం ప్రతి ఆటగాడికీ చెప్తాం. ఆమెకు పుట్టినప్పటినుంచీ ఉన్న మాటను తీసేసి "ఫోకస్" అనుకోమనడానికి నాకు కారణం కనిపించలేదు. మార్చిందల్లా షరతును. మధ్యలో ఓడిపోతానన్న ఆలోచన వచ్చినా నామం చెల్లుతుంది. ఆలోచనతోనే సర్వ్ వెయ్యాలి.

కష్టమైన భాగం ఇదే. 18 - 18 స్కోరు నుంచి మొదలయ్యే చిన్న గేమ్‌లు ఆడించాం. ఆమె ఊపిరి తీసుకుంటుండగా ఎప్పుడైనా సరే కోచ్ "ప్లే" అంటారు, అనగానే సర్వ్ వెయ్యాలి. నామం సగంలో ఉన్నా వెయ్యాలి. మొదట్లో వణికింది, ఒకరోజు రాకెట్ కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది. భయం పదికి ఎంత అని ప్రతి గేమ్ తర్వాత తనే రాసుకునేది. నెమ్మదిగా ఆ అంకె దిగింది. సగంలో ఆగిన నామం తర్వాత గెలిచిన పాయింట్లు, పూర్తయిన నామం తర్వాత పోయిన పాయింట్లు, అన్నీ ఆమె నోటు పుస్తకంలోనే పోగయ్యాయి. నేను వాదించాల్సిన పని పడలేదు.

కోచ్ ఈ మధ్యలో ఒకసారి, అదృష్ట వస్తువు ఉంటే ఆట బాగుపడుతుందని ఎక్కడో చదివాను, లాకెట్ ఇప్పిస్తే పోలేదా అన్నారు. 2010లో జర్మనీలో చేసిన ప్రయోగం అది, ఇది లక్కీ బంతి అని చెప్పి ఇస్తే గోల్ఫ్ పట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) బాగా పడిందని తేలింది. 2014లో ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అంత పలచటి ఆధారం మీద ఆమె తీసుకున్న నిర్ణయాన్ని కదిలించనని చెప్పాను.

చుట్టూ ఉన్నవాళ్లు

తర్వాతి టోర్నీలో రెండో రౌండ్లో ఓడిపోయింది. బాగా ఆడి ఓడింది. హెచ్చరిక ఒక్కటి కూడా రాలేదు. అయితే యూట్యూబ్‌లో మ్యాచ్ చూసిన బంధువు ఒకాయన కుటుంబం వాట్సాప్ గ్రూపులో, ఈసారి కోర్టులో దండం పెట్టుకోలేదు, దేవుణ్ణి మరిస్తే ఇలాగే ఉంటుంది అని పెట్టారు. ఆ ఒక్క సందేశం మా పనిని కొన్ని వారాలు వెనక్కి నెట్టింది.

ఆటగాళ్ల విశ్వాసానికి లోపలి భయం కంటే బయటి కాపలాదారుల వల్లే ఎక్కువ దెబ్బ తగులుతుందని నా అభిప్రాయం. 2025 మార్చిలో దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్ ఆడుతూ మహమ్మద్ షమీ బౌండరీ దగ్గర డ్రింక్ తాగాడు. రంజాన్ నెల కాబట్టి ఉపవాసం ఉండకపోవడం నేరమని ఒక మతపెద్ద ప్రకటించారు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని ఇతర మతపెద్దలు గుర్తుచేయాల్సి వచ్చింది. జెమీమా ఏసు పేరు ఎత్తిందని తిట్టినవాళ్లు వేరే. ఒకరు తగినంత భక్తి చూపలేదని, ఇంకొకరు ఎక్కువ చూపారని. ఆడుతున్న మనిషి మీద ఇంత బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

మా కేసులో దీన్నీ నాయనమ్మే చక్కబెట్టింది. గ్రూపులో ఆవిడ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. దాని తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదు. కోచ్‌నూ, తోటి ఆటగాళ్లనూ కూడా నేను ఒకటి కోరాను: ఆమె తంతును అనుకరించి నవ్వడం ఆపాలి. ఆపారు.

ఇప్పుడు, ఇంకా మిగిలినవి

ఆరు నెలల తర్వాత పరిస్థితి ఇది. సర్వ్‌కు ముందు సమయం మూడో గేమ్‌లో కూడా మామూలుగా ఉంటోంది. కార్డులు లేవు. నిద్ర బాగుపడింది. ఒక టోర్నీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది, ఒకదాంట్లో మొదటి రౌండ్లోనే ఓడింది. ఫలితాలు మారడానికి ఫిట్‌నెస్, డ్రా (ఏ రౌండ్లో ఎవరితో ఆడాలన్న జాబితా), ప్రత్యర్థి లాంటివి చాలా ఉంటాయి కాబట్టి గెలుపోటములను ఈ పనికి కొలతగా తీసుకోను. నేను చూసే కొలత వేరు. ఓడిన రాత్రి ఫోన్ చేసి షాట్ల గురించి మాట్లాడుతోంది. ఇదివరకు స్వామికి ఎందుకు కోపం వచ్చిందో మాట్లాడేది.

ఈ పద్ధతి అన్ని విశ్వాస సమస్యలకూ సరిపోదు. రంజాన్‌లో ఉపవాసం ఉండి ఆడేవాళ్లకు కావాల్సింది ముందు డైటీషియన్, ప్రాక్టీస్ వేళల మార్పు. 1995 ఫిబ్రవరిలో ఉపవాసాలుంటూనే హకీమ్ ఒలాజువాన్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ నెల మేటి ఆటగాడయ్యాడు, కానీ అతని శరీరం అతనిది. తంతు కోర్టు దాటి ఇంట్లోకీ చదువులోకీ పాకితే అది సైకియాట్రిస్టు చూడాల్సిన కేసు. ఇంట్లో నాయనమ్మ లాంటి మనిషి లేకపోతే పూజారినో, ఇమామ్‌నో, పాస్టర్‌నో వెతకాలి, వాళ్లు భయం పెంచే రకం కాదని ముందే నిర్ధారించుకోవాలి. ఆ వెతుకులాటకు చాలా సమయం పడుతుంది.

ఈ అమ్మాయి విషయంలో ఒకటి తేలలేదు. మ్యాచ్ పాయింట్ దగ్గర చెయ్యి ఇంకా అప్పుడప్పుడు మెడ దగ్గరికి వెళ్తోంది. తనకు తెలిసినప్పుడు దించేసి ఊపిరి వదులుతుంది, తెలియనప్పుడు పాత తంతు తిరిగొస్తుంది. వచ్చే నెలనుంచి ప్రాక్టీసులో 20 - 19 స్కోరు నుంచి మొదలయ్యే గేమ్‌లు పెడుతున్నాం, ఒకసారి ఆమె ముందుండి, ఒకసారి వెనకుండి. సీజన్ ముగిశాక లాకెట్ సంగతి మళ్లీ మాట్లాడుకుంటాం. నాయనమ్మ ఇప్పటికే ఒకటి కొని పెట్టిందట.